పన్నెండుంబావు బల్ల

పొరుగింటి లెంపి తనంతట తాను పుట్టించిన మాట కాదిది. లెంపికి ఆమె చెల్లెలి కూతురు చెప్పింది. ఆ పిల్ల బడి వంటగదిలో పళ్ళేలు కడుగుతుంది కాబట్టి అబద్ధమయ్యే అవకాశం లేదని లెంపి ముందే పూచీ కూడా పడింది. సంగతేమిటంటే, పిహ్లావారా బడిలో పిల్లలు తినగా మిగిలిందని చెప్పి మధ్యాహ్నం పూట ముసలీ ముతకకి పెడుతున్న భోజనం అసలు మిగిలిందే కాదట. వంటావిడ హిల్కా పొద్దున్నే వాళ్ళ కోసమని మరో పది లీటర్లు ఎక్కువ పోస్తుందట. పోసి, పన్నెండుంబావు కాగానే మూత తీసి, "అయ్యో, ఇంత మిగిలిపోయిందే" అని మొహం పెడుతుందట.

"అంటే ఏమైనట్టు? ధర్మానికి పెడుతున్న తిండే కదా ఓయివా," అంది లెంపి. "నాకెందుకులే, నేను వెళ్ళేదాన్ని కాదు. నా గిన్నె నాకుంది."

ఈ మాటలు జరిగింది వీధి మొగలో, ఉత్తరాల పెట్టెల దగ్గర. పన్నెండు ఇళ్ళ పెట్టెలూ ఒకే చెక్కకి వరసగా కొట్టి ఉంటాయక్కడ. ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడితే అక్కడే మాట్లాడాలి, ఇళ్ళకి పోయి తలుపు కొట్టే అలవాటు ఆ ఊళ్ళో లేదు. ఓయివా తన పెట్టెలోంచి పేపరు తీసి చంకలో పెట్టుకున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ముప్ఫై ఆరేళ్ళు అడవిలోంచి దుంగల లారీ తోలాడు. ఇప్పటికీ నడుస్తుంటే ఎడమచెయ్యి గేరు రాడ్డు కోసం వెతుక్కుంటున్నట్టు ఉంటుందని వెనకనుంచి చూసినవాళ్ళు నవ్వుకుంటారు; ఆ దేశపు లారీల్లో గేరు రాడ్డు కుడిచేతి వైపుంటుందని అతనెన్నిసార్లు చెప్పినా సరే.

"మీ చెల్లెలి కూతురికి కడిగే పళ్ళేలు తక్కువై నోరు ఖాళీ దొరికినట్టుంది," అన్నాడు.

"నేను విన్నది చెప్పా. కోపం దేనికి?"

"కోపం కాదు. చలి."

అని ఇంటికి పోయాడు. పోయాడు గానీ, ఆ మాట బూటులో గులకరాయిలా అతనితోనే వచ్చింది.

ఆ ఊరివాళ్ళ సంగతి తెలిస్తే తప్ప ఈ గులకరాయి ఎంత నొప్పి పెడుతుందో తెలీదు. తేరగా తినడమంత సిగ్గు వాళ్ళకి ఇంకోటి లేదు. యుద్ధం అయిపోయాక, రొట్టెలో చెట్టుబెరడు కలుపుకున్న రోజుల్లో కూడా ఓయివా తండ్రి సాయం కోసం మున్సిపాలిటీ గడప తొక్కలేదని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. మధ్యాహ్నం బడికొచ్చే ఏడుగురిదీ అదే మట్టి. వాళ్ళలో ఇద్దరికి నెల చివరివారం మందులకి పోగా రొట్టె తప్ప మిగలదని ఊరందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? "ఏమైనా సాయం కావాలా" అని అడిగి చూడండి, తలుపు మొహం మీద పడుతుంది.

మూడేళ్ళ కిందట బడి తలుపుకి అంటించిన కాగితం మీద సాయమన్న మాటే లేదు. "వండింది పారబోయడం పాపం. పిల్లల భోజనాలయ్యాక, పన్నెండుంబావుకి వచ్చి తినిపెట్టండి" అని ఉంది. తినిపెట్టండి! అది చదివి ఓయివా బూట్లు తుడుచుకుని, గడ్డం గీసుకుని బయల్దేరాడు. తినడానిక్కాదు, బడికి ఉపకారం చెయ్యడానికి. మిగతా ఆరుగురూ అలాగే వచ్చారు. ఒకావిడైతే మొదటిరోజు తన చెంచా తనే తెచ్చుకుంది, బడివాళ్ళకి కడుగుడు పని పెంచడం దేనికని.

అప్పట్నుంచీ ఆ కిటికీ పక్క పొడుగాటి బల్ల వాళ్ళది. పిల్లలకి చేసిన బల్ల కావడంతో మోకాళ్ళు పళ్ళేల ఎత్తుకి వస్తాయి. ఓయివాకి ఎదురుగా సైమి కూర్చుంటుంది. నలభై ఏళ్ళు ఊరంతా ఉత్తరాలు పంచిన మనిషి. ఏ సంవత్సరం ఎవరింటికి ఏ రంగు కవరొచ్చిందో ఇప్పటికీ చెబుతుంది. పక్కన ఏలిస్. ఆవుల్ని అమ్మేసినరోజున మాటల్ని కూడా అదే లారీ ఎక్కించి పంపేశాడని సైమి అంటుంది అతన్ని.

"ఏలిస్, ఆ గిన్నె ఇటు తొయ్యి. నువ్వొక్కడివే ఈ దేశాన్ని వృథా నుంచి కాపాడక్కర్లేదు."

"ఊఁ," అంటాడు ఏలిస్.

"విన్నావా ఓయివా? ఇవాళ ఉపన్యాసం ఇచ్చాడు."

ఇంతే. ఇంతకంటే గొప్ప మాటలేం జరగవక్కడ. కాలవలో మంచు ఎప్పుడు గట్టిపడుతుందో, ఎవరి దుప్పి మాంసం ఫ్రీజరులో పట్టలేదో, బడి బఠాణీ సూప్‌లో ఆవాలముద్ద ఎంత వేసుకోవాలో. ముప్పావుగంటలో అయిపోతుంది. కానీ శుక్రవారం ఒంటిగంటకి ఆ బల్ల దగ్గర "సోమవారం చూద్దాం" అన్నాక, మళ్ళీ సోమవారం పన్నెండుంబావు దాకా ఓయివా గొంతుకి పని ఉండదు. ఒకసారి సోమవారం నోరు తెరిస్తే మాట బదులు తుప్పుపట్టిన తలుపు చప్పుడొచ్చింది. సైమి పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచి సోమవారం పొద్దున్నే ఓట్స్ పొట్లం వెనక ఉన్నదంతా పైకి చదువుతాడు, పీచుపదార్థం ఎంతో, ఉప్పెంతో, తయారీ ఎక్కడో. గొంతు తెరుచుకున్నాక టోపీ పెట్టుకుంటాడు. భార్య ఆవునె పోయి ఆరేళ్ళు. ఆవిడ వినుంటే ఏమనేదో అతనికి తెలుసు గనక ఆవిడ ఫోటో ఉన్న గదిలో చదవడు, నడవాలో చదువుతాడు.

లెంపి ఆ మాట చెప్పింది మంగళవారం. బుధవారం బంగాళాదుంప కూర, దానిమీద అనుమానం నిలబడలేదు. పిల్లలు కూర మిగులుస్తారు, సహజం. గురువారం వచ్చింది.

గురువారమంటే బఠాణీ సూప్, దాని తర్వాత పాన్‌కేక్. ఆ దేశంలో ఎక్కడికి పోయినా గురువారం అంతే. ఓయివా ఆ రోజు ఇరవై నిమిషాలు ముందే పోయి నడవాలో, పిల్లల కోట్లు వేలాడే కొక్కేల మధ్య నిలబడి తలుపు అద్దంలోంచి చూశాడు. లోపల పిల్లల గోల. పెద్ద రేకు పళ్ళెంలో కాల్చిన పాన్‌కేక్ ముక్కల మీద పడుతున్నారు. మూలముక్కలు, ఆ మాడిన అంచు కరకరలాడేవి, వాటికోసం ఇద్దరు మోచేతులతో పొడుచుకున్నారు. పళ్ళెం అడుగు తేలిపోయింది. ముందుపళ్ళు ఊడిన ఒక పిల్ల హిల్కా చూడకుండా పళ్ళెం అంచుని వేలితో గీకి నాకింది. హిల్కా చూడనే చూసింది. "అయిపోయింది, అయిపోయింది! పోండి, రేకు కూడా తింటారా ఏంటి?" అని తోలేసింది.

పన్నెండుంబావుకి గంట మోగింది. ఏడుగురూ వచ్చి కూర్చున్నారు. సూప్ తిన్నారు. హిల్కా పొయ్యి దగ్గర్నించి రేకు పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టింది. ఆవిరి ఇంకా పోతోంది. నాలుగు మూలలూ నాలుగు అంచులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కత్తి పడనే లేదు.

"ఇదుగో, ఇంత మిగిలిపోయింది," అంది హిల్కా. "తినిపెట్టండి, లేకపోతే చెత్తడబ్బాలోకి పోతుంది."

ఓయివా ఆ మూలకేసి చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడు ఆ మూలముక్క కోసమే అన్నతో కలబడి పన్ను విరగ్గొట్టుకున్నాడు. పాన్‌కేక్ మిగిల్చే పిల్లవాడు ఈ దేశంలో ఇంతవరకు పుట్టలేదు. ఆ మాట అతనికి తెలియక కాదు. మూడేళ్ళుగా గురువారం గురువారం తెలుస్తూనే ఉంది. తెలుసుకోవాలనిపించక జామ్ కింద కప్పెట్టి తిన్నాడు.

"ఏంటి, పన్ను నొప్పా?" అంది సైమి.

"కడుపు బాలేదు."

లేచి కోటు వేసుకున్నాడు. హిల్కా గరిట పట్టుకుని అతన్నే చూస్తోంది. ఆమెకి అర్థమైంది. అర్థమైందని ఓయివాకీ అర్థమైంది.

శుక్రవారం వెళ్ళలేదు. సోమవారం కూడా వెళ్ళలేదు, ఓట్స్ పొట్లం ముట్టుకోలేదు. పన్నెండు గంటలకి రెండు దుంపలు ఉడకేసి, సాసేజ్ ముక్క కోసుకుని, తొట్టి దగ్గర నిలబడి తిన్నాడు. కూర్చోవచ్చు, బల్ల ఉంది, రెండు కుర్చీలున్నాయి. కానీ కూర్చుంటే ఎదురు కుర్చీ కనిపిస్తుంది. నిలబడితే కిటికీలోంచి లెంపి వాళ్ళ కట్టెల కొట్టం కనిపిస్తుంది, అది నయం. తినడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గడియారం చూశాడు. బడిలో ఈపాటికి సైమి ఏలిస్‌ని ఏదో అని ఉంటుంది. ఏలిస్ "ఊఁ" అని ఉంటాడు. రేడియోలో సముద్రంమీద గాలుల సంగతి చెబుతుంటే, సముద్రానికి మూడువందల కిలోమీటర్ల దూరంలో నిలబడి శ్రద్ధగా విన్నాడు, మనిషి గొంతు కదా అని.

మంగళవారం దుంపల్లో ఉప్పు మరిచిపోయాడు. తినడం అయ్యేదాకా తెలియలేదు.

బుధవారం రెండింటికి తలుపు చప్పుడైంది. ఆ ఇంటి తలుపు అలా చప్పుడై ఎన్నాళ్ళయిందో, మొదట కట్టెలేవో జారిపడ్డాయనుకున్నాడు. తీసి చూస్తే సైమి. ఒంటికాలితో తన్నుకుంటూ పోయే మంచుబండిని మెట్లకి చేరవేసి, ముక్కు తుడుచుకుంటోంది.

"చచ్చావేమో చూసి పోదామని వచ్చా," అంది. "గొట్టంలోంచి పొగ వస్తోంది గానీ, శవం కూడా చలి కాచుకుంటుందేమో అని అనుమానమొచ్చింది."

"బతికే ఉన్నా. కాఫీ తాగుతావా?"

"తాగడానిక్కాకపోతే రెండు కిలోమీటర్లు తన్నుకుంటూ ఎందుకొస్తానయ్యా?"

లోపలికొచ్చింది. వచ్చి, అడక్కుండానే ఆ రెండో కుర్చీలో కూర్చుంది. ఓయివా కాసేపు కాఫీ కొలత మరిచిపోయాడు.

"కడుపెలా ఉంది?"

"ఉంది."

"అబద్ధాలు నీకు రావు. ముప్ఫై ఆరేళ్ళు లారీలో ఒక్కడివే తిరిగావు, నేర్చుకునే వీలు లేకపోయింది పాపం." కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "రేపు మున్సిపాలిటీ నుంచి భోజనాల అధికారి వస్తోంది. కుర్రపిల్ల, కంప్యూటర్ వేసుకుని. తిండి వృథా తగ్గించే కొత్త పద్ధతట. మన బల్ల ఉంచాలా తియ్యాలా అని కూడా చూస్తుందట. అందరూ రావాలని హిల్కా అంది. నీ పేరు విడిగా చెప్పింది."

"ఎందుకు విడిగా?"

"నన్నడుగుతావేం? ఉత్తరం తెచ్చాను, విప్పి చదవలేదు."

ఓయివా అడగాలనుకున్నాడు. సైమి, అది నిజంగా మిగిలిందేనంటావా, అని. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమెకి తెలియకపోతే? రేపట్నుంచి ఆమె గొంతులో కూడా ముద్ద అడ్డుపడుతుంది, నా వల్ల. మింగేశాడు.

"ఏదో అడగబోయావ్," అంది సైమి.

"పాలు పొయ్యనా అని."

"మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుని తిన్నావ్. నేను పాలు పోసుకోనని తెలీదూ?" అని నవ్వి లేచింది. గుమ్మంలో నిలబడి టోపీ చెవులమీదకి లాక్కుంటూ, "నీ సీటు ఖాళీగా ఉంటే ఏలిస్ తినడం లేదు," అంది. "వాడు నీ గురించి రెండు మాటలన్నాడు తెలుసా. 'ఓయివా ఏడీ' అని. నాకు భయమేసింది."

మర్నాడు ఓయివా గడ్డం గీసుకున్నాడు.

అధికారి పేరు వెన్లా. ముప్ఫై దాటి ఉండదు. మంచి పిల్లే, దొంగచూపులు లేవు. అందరికీ చెయ్యిచ్చి పలకరించి, 'మీరు' 'మీరు' అంటోంది. అందరూ అందర్నీ నువ్వనుకునే ఊరు గనక ఆ మాట వినబడ్డప్పుడల్లా వాళ్ళు వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూస్తున్నారు. సూప్ గిన్నెలు వాళ్ళముందు పొగలు కక్కుతుంటే ఆమె కంప్యూటర్ వాళ్ళవైపు తిప్పి, రంగురంగుల గీతలు చూపించింది.

"ఈ బడిలో పారబోసేది దాదాపు లేదు. ఆ విషయంలో జిల్లాలోనే మొదటి స్థానం మీది," అంది. "కానీ ఇక్కడ వండేది చూడండి. పిల్లలు తినేదానికంటే రోజూ పది లీటర్లు ఎక్కువ. జ్వరాలొచ్చి సగం తరగతి రాని రోజూ పదే, అందరూ వచ్చిన రోజూ పదే. గురువారం పాన్‌కేక్ ఒక పళ్ళెం ఎక్కువ. మిగులు ఎప్పుడూ ఒకేలా ఉండదండీ. ఒకేలా ఉందంటే అది మిగులు కాదు."

ఓయివా చప్పున తలెత్తి బల్లచుట్టూ చూశాడు, ఎవరి మొహం ఎలా మాడిపోయిందో అని. ఎవరి మొహమూ మాడలేదు. సైమి గిన్నెలో ఆవాలముద్ద కలుపుతోంది. ఏలిస్ కిటికీ చూస్తున్నాడు. చెంచా తెచ్చుకునే ముసలావిడ ఆ చెంచాని బల్లగుడ్డకి తుడుస్తోంది. ఏడుగురిలో ఒక్కరికీ ఆశ్చర్యం లేదు. మూడేళ్ళుగా అందరికీ తెలుసు. పక్కవాడికి తెలియకూడదని ఎవరికి వాళ్ళు దాచుకుంటూ వచ్చారు.

వెన్లా చెప్పుకుపోతోంది. వచ్చే నెలనుంచి ఏ రోజు ఎందరు పిల్లలొస్తారో కంప్యూటరే ముందు చెబుతుంది, దాన్ని బట్టే వండాలి. మిగిలేది లీటరో రెండు లీటర్లో. దాన్ని డబ్బాల్లో సర్ది, షాపు గుమ్మంలో ఒక ఫ్రిజ్ పెట్టి అందులో ఉంచుతారు. షాపువాళ్ళ నిన్నటి రొట్టె, తేదీ దగ్గరపడ్డ పెరుగు కూడా అందులోనే. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరూ పేరడగరు.

"మీరు ఈ మంచులో ఇంతదూరం నడిచి రానక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్ళి వెచ్చగా తినొచ్చు."

"ఫ్రిజ్ మాట్లాడుతుందా?" అంది సైమి.

వెన్లా నవ్వింది, కానీ వెంటనే ఆపుకుంది. "నాకు తెలుసు మీకిది నచ్చదని. కానీ షాపు వెనక అద్దె ఇళ్ళల్లో ముగ్గురు పిల్లల తల్లి ఉంది. నాలుగింటిదాకా ఆస్పత్రిలో పని. ఆమె పన్నెండుంబావుకి ఇక్కడికి రాగలదా? నెలాఖరుకి ఆమె ఇంట్లో ఖాళీ అల్మారా తెరిచి చూపించింది నాకు. ఆ పది లీటర్లకి పెట్టే ఖర్చుతో ఆమెలాంటివాళ్ళకి నేను చాలా చెయ్యగలను."

ఆ పిల్ల చెప్పింది తప్పు కాదని ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు. ఏలిస్ తల కూడా ఊపాడు.

వెన్లా హిల్కా వైపు తిరిగింది. హిల్కా వంటగది గుమ్మంలో తువ్వాలు చేతికి చుట్టుకుని నిలబడి ఉంది. పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది ఆమెకి.

"హిల్కా, నేను రిపోర్టు రాయాలి కాబట్టి అడుగుతున్నా. ఇంత ఎక్కువ వండమని మీకెవరైనా చెప్పారా? ఊళ్ళోవాళ్ళు కావాలని అడిగితే నేనది కౌన్సిల్ ముందు పెడతాను, వాళ్ళే ఏదో ఒకటి తేలుస్తారు. ఎవరూ అడక్కుండా మీ అంతట మీరే వండితే మాత్రం, మీ మీద రాయాల్సి వస్తుంది."

హిల్కా తువ్వాలు ఇంకో చుట్టు చుట్టింది. అడిగినవాళ్ళెవరూ లేరు. ఆ ఏడుగురిలో ఏ ఒక్కరూ, చచ్చేంత ఆకలైనా సరే, అడిగే రకం కాదు. అడగరనే కదా ఆమె అడిగించుకోకుండా వండింది.

"నేనడిగా," అన్నాడు ఓయివా.

సైమి తల గిరుక్కున అతనివైపు తిరిగింది. వెన్లా చేతిలో పెన్ను పట్టుకుని, గొంతు కాస్త తగ్గించి, ఆ ఊళ్ళో ఎవరినీ అడగకూడని మాట అడిగింది.

"మీరా? మీకు తిండికి ఇబ్బందిగా ఉందాండీ?"

"లేదు. కొట్టంలో దుంపలు బస్తాడున్నాయి."

"మరి ఎందుకడిగారు?"

"ఒక్కణ్ణే తినలేక," అన్నాడు ఓయివా. "రాసుకో అమ్మాయ్. అలాగే రాసుకో."

వెన్లా అలాగే రాసుకుంది; హిల్కా చేతికి చుట్టుకున్న తువ్వాలు విప్పింది.